పాలియేటివ్ కేర్‌లో నర్సుకు ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతున్నా. క్యాన్సర్ ఆసుపత్రి పోస్టింగ్‌లో పాలియేటివ్ కేర్ (తీవ్ర జబ్బులున్నవారికి నొప్పి, బాధ తగ్గించే సేవ) వార్డులో చేసిన పని బాగా నచ్చింది. అమ్మేమో ‘పోయేవాళ్ల దగ్గర ఉద్యోగమేంటి?’ అంటోంది. మన దేశంలో ఈ రంగంలో స్థిరపడొచ్చా?
- ఓ విద్యార్థిని

జవాబు: స్థిరపడొచ్చు. అయితే ఈ రంగంలో మీరు చూసిన వార్డు కొంత భాగమే. దేశంలో తొలి హాస్పీస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) ‘శాంతి అవేదన సదన్’ 1986లో ముంబయిలో మొదలైంది. ఈ సేవను ఊళ్లలోకి తీసుకెళ్లింది మాత్రం కేరళ. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు ఒక సొసైటీ పెట్టారు. క్రమంగా వాలంటీర్లను కలుపుకొని రోగి ఇంటికే వెళ్లే పద్ధతి అక్కడ పాతుకుపోయింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. ఇంటింటికీ తిరిగే కమ్యూనిటీ నర్సులను స్థానిక సంస్థలే నియమించుకున్నాయి. డాక్టర్ రోజూ రాలేరు కాబట్టి అక్కడ భారమంతా నర్సుదే.

మిగతా దేశం వెనకబడటానికి పెద్ద కారణం మార్ఫిన్ అందకపోవడం. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు ఇది. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద రకరకాల లైసెన్సులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 2014లో సవరణ వచ్చాక అనుమతులు సులువయ్యాయి. భయం పూర్తిగా పోలేదు. అందుకే మార్ఫిన్ తెలిసిన నర్సుకు విలువ. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో అడగడం, నాలుగు గంటలకోసారి మాత్ర ఇవ్వడం, మార్ఫిన్ వల్ల మలబద్ధకం రాకముందే విరేచనాల మందు మొదలుపెట్టించడం, కుళ్లు వాసన వేసే పుండు మీద మెట్రోనిడజోల్ (సూక్ష్మక్రిములను చంపే మందు) పొడి చల్లడం... ఇవన్నీ చేతికి అలవాటు కావాల్సిన పనులు.

ఎండీ పాలియేటివ్ మెడిసిన్ ఎంబీబీఎస్ చదివినవారికే. మీకైతే ఆంకాలజీ (క్యాన్సర్) నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్, తిరువనంతపురంలోని పాలియం ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ సర్టిఫికెట్ కోర్సులు నిర్వహిస్తున్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పీస్ ఉన్నాయి. నన్నడిగితే, ముందు ఒకటి రెండేళ్లు జనరల్ మెడిసిన్ వార్డులో పనిచేయండి. పాసైన వెంటనే ఇందులో దిగితే రోగి పరిస్థితి ఉన్నట్టుండి మారినప్పుడు కంగారు పడతారు.

జీతం సంగతి దాచను. ప్రభుత్వ పథకాల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే. స్వచ్ఛంద సంస్థలు కార్పొరేట్ ఆసుపత్రులంత ఇవ్వలేకపోవచ్చు. ఇక అమ్మగారి మాట. ఈ సేవ చివరి రోజుల వారికే అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. గుండె, కిడ్నీ జబ్బులవాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు, పిల్లలూ ఇందులోకి వస్తారు. ఏళ్ల తరబడి బతికేవాళ్లూ ఉంటారు. వీలైతే ఒకరోజు అమ్మగారిని ఇళ్లకు వెళ్లి సేవ చేసే హోమ్ కేర్ బృందంతో మాట్లాడించండి, నేను చెప్పినదానికన్నా అదే బాగా పనిచేస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతంతో పాటు ఇంకో మూడు అడగండి: మార్ఫిన్ మాత్రలు స్టాకులో ఉంటాయా, ఇళ్లకు వెళ్లడానికి బండి ఇస్తారా, రాత్రిపూట ఫోన్ చేస్తే డాక్టర్ దొరుకుతారా. మూడోదానికి సరైన జవాబు రాకపోతే ఆ ఉద్యోగంలో చేరకండి.