మోగని అలారం, ముందుకొచ్చిన రెండున్నర లక్షలు

ప్రశ్న: మాది గుంటూరు లక్ష్మీపురంలో సొంత ఫ్లాట్, ఇంటి లోను నడుస్తోంది. ఐదు నెలల కిందట రాత్రి నిద్రలో ఉండగా ఇన్వర్టర్ దగ్గర మంటలు లేచి మావారికి రెండు చేతులూ కాలాయి. ఆయనకు 38 ఏళ్లు. బ్రాడీపేటలో సెల్‌ఫోన్ రిపేరు షాపు, నెలకు 30 వేలు మిగిలేవి. ఆసుపత్రి బిల్లు 7.6 లక్షలయితే పాలసీ 5 లక్షలు ఇచ్చింది. మూడేళ్ల కిందట 9 వేలు పోసి హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టించిన స్మోక్ అలారాలు రెండూ మోగలేదు. వాటిని అమ్మి, బిగించి, ఏటా వచ్చి చూసి వెళ్లే ఆయన ఇప్పుడు 2.5 లక్షలు ఇస్తానంటున్నాడు. అలారాలు తిరిగిచ్చి, కాగితం మీద సంతకం పెట్టాలట. తీసుకోమంటారా? కేసు వేయాలంటే నా బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: అమ్మా, సంతకం పెట్టకండి, అలారాలు ఇవ్వకండి, బంగారం కదపకండి.

ఆ 2.5 లక్షలు ఎక్కడి లెక్కో చూడండి. బిల్లులో మీ చేతి నుంచి పడింది 2.6 లక్షలు. పెట్టిన ఖర్చు వచ్చేస్తే చాలని ఎవరికైనా అనిపించే అంకె అది. మీ అసలు నష్టం బిల్లు కాదు, మీవారి వేళ్లు.

మోటారు ప్రమాద కేసుల్లో కోర్టులు వాడే లెక్క ఇక్కడ కొలబద్దగా పనికొస్తుంది. ఏడాది ఆదాయం 3.6 లక్షలు. 40 ఏళ్ల లోపు సొంత వ్యాపారం చేసుకునేవారికి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపమని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది, అంటే 5.04 లక్షలు. సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందనుకుందాం: ఏడాదికి 1,51,200. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం 36–40 ఏళ్ల వయసుకు గుణకం 15, అంటే ఏడాది నష్టాన్ని 15తో హెచ్చించాలి. మొత్తం 22.68 లక్షలు. షాపు మూసిన నెలల ఆదాయం, ఇకముందు ఆపరేషన్లు, పడ్డ బాధ దీనికి అదనం. ఇంతా వస్తుందని కాదు, మీరు వెళ్లాల్సిన వినియోగదారుల కమిషన్‌కు ఈ సూత్రం పాటించి తీరాలన్న నిబంధనా లేదు. కానీ ఏ స్థాయి నష్టాన్ని 2.5 లక్షలకు రాసివ్వమంటున్నాడో తెలియాలి కదా.

ఆ 30 శాతం నేను అనుకున్న అంకె. అసలుది ఇప్పుడే తేలదు. కాలిన చర్మం మానుతూ బిగుసుకుంటుంది, వేళ్లు ముడుచుకుపోతాయి. అందుకే ఒత్తిడి గ్లవ్స్‌ను రోజుకు 23 గంటల చొప్పున నెలల తరబడి తొడుక్కోమంటారు. అవి సాగిపోతే కొత్తవి కొనాలి, ఆ రసీదులూ దాచండి. చికిత్స ఒక కొలిక్కి వచ్చాక సచివాలయంలో స్లాట్ తీసుకుని వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ తెచ్చుకోండి. అందులో పడే శాతమూ తుది మాట కాదు. శరీర వైకల్యం వేరు, దానివల్ల తగ్గే సంపాదన వేరని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సన్న స్క్రూలు పట్టుకునే మనిషికి వేళ్లలో 20 శాతం పోతే పనిలో సగం పోవచ్చు. ఆదాయానికి రిటర్నులు, కరెంటు ఖాతా, యూపీఐ వసూళ్ల స్టేట్‌మెంట్లు తీయండి. కాగితం మీద చూపని సంపాదనకు పరిహారం అడగడం కష్టం.

ఇక మీ కేసులో బలహీనత. మంట పుట్టింది ఇన్వర్టర్‌లో, అలారంలో కాదు. అలారం మోగకపోవడం వల్ల ఎన్ని నిమిషాలు పోయాయి, ఆ నిమిషాల్లో ఎంత గాయం పెరిగింది అన్నంతవరకే అలారాలు అమ్మినాయన బాధ్యత. కాబట్టి ఎవరు ఏ గదిలో పడుకున్నారు, తలుపు మూసుందా, పొగ ఎవరు ముందు చూశారు అన్నది ఇద్దరూ విడివిడిగా తేదీ వేసి రాసుకోండి. 101కీ 108కీ చేసిన కాల్స్ సమయాలు, అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా రికార్డు ఇంకా మిగిలుంటే అదీ తీయండి. అగ్నిమాపక శాఖ ప్రమాద నివేదిక, ఆసుపత్రి ఎంఎల్‌సీ (పోలీసు కేసుల కోసం గాయాలు నమోదు చేసే రికార్డు) నకలు రెండూ కావాలి. ఒకటి మాత్రం నిజం చెప్పుకోండి: మిరపకాయల తాళింపు ఘాటుకు కూస్తోందని బ్యాటరీ పీకేశారా? గుంటూరు వంటిళ్లలో అది వింతేం కాదు. అలా చేసి ఉంటే తప్పు మీ మీదికి వస్తుంది.

అలారం ఎందుకు మోగలేదన్న సాక్ష్యమంతా దాని లోపలే ఉంది. బిగించేటప్పుడు దుమ్ము పడకుండా పెట్టే ప్లాస్టిక్ మూత తీయకుండా వదిలేయడం ఒక మామూలు పొరపాటు. అలా వదిలేస్తే బయటంతా మసి పట్టి అలారం లోపల పొగను పసిగట్టే అర శుభ్రంగా ఉంటుంది. దుమ్మూ పురుగులూ చేరడం, బ్యాటరీ చావడం, గాలి ఆడని మూలలోనో ఫ్యాను గాలి తగిలేచోటో బిగించడం మిగతా కారణాలు. అందుకే తుడవొద్దు, టెస్ట్ బటన్ నొక్కొద్దు, బ్యాటరీ తీయొద్దు. సీలింగ్ మీద ఉన్న చోటు, గోడకు దూరం టేపు పెట్టి ఫొటో తీయండి. వెనక లేబుల్ మీద మోడల్, బ్యాచ్, తయారీ నెల కనిపించేలా మరో ఫొటో. తర్వాత విడివిడి అట్టపెట్టెల్లో పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేయండి. మంటకు దూరంగా ఉండి కాలకుండా మిగిలిన అలారమే మీకు ఎక్కువ విలువైనది. ఏటా ఇచ్చిన సర్వీసు చీటీల్లో ‘పనిచేస్తోంది’ అని రాసి ఉంటే అవీ బంగారమే.

కేసు ఖర్చుకు భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారు, అమ్మినవారు, సర్వీసు చేసినవారు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సరుకుకు మీరు చెల్లించిన సొమ్మును బట్టి. ఈ పద్ధతిని 2025లో సుప్రీంకోర్టూ సమర్థించింది. మీరు కట్టింది 9 వేలు గనుక, 25 లక్షలు అడిగినా గుంటూరు జిల్లా కమిషనే, ఫీజు సున్నా. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు, మీకు 19 నెలలు మిగిలాయి. అలారాన్ని ల్యాబ్‌కు పంపమని కమిషన్‌నే అడగండి, ఆ పరీక్ష ఫీజు మాత్రం మీరు కట్టాల్సి రావచ్చు. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మీకు ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ 15100. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడే వకీలు జోలికి పోకండి, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఏళ్లు పడుతుందనుకునే ఇంటి లెక్క వేసుకోండి. ఆ సొమ్ము మీద ఆశతో ఒక్క రూపాయి అప్పు చేయొద్దు.

ఈలోగా చేతికి రాగల డబ్బు వేరేచోట ఉండవచ్చు. లోను ఇచ్చిన బ్యాంకు ఇంటికి అగ్ని బీమా చేయించిందేమో స్టేట్‌మెంట్‌లో వెతకండి, చాలామందికి ప్రీమియం కోసిన సంగతే తెలియదు. అది భారత్ గృహ రక్ష అయితే, భవనం బీమాలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షలు, సామానుకూ వర్తిస్తుంది. ఆలస్యమైందని వదిలేయకండి, ఆ ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే చెప్పింది. క్లెయిమ్ సొమ్ముతో పాటు హక్కుల బదిలీ పత్రం ఇస్తారు, అంటే నష్టం కలిగించినవారిని అడిగే మీ హక్కును బీమా కంపెనీకి ఇచ్చే కాగితం. అది సామాను నష్టానికే పరిమితమో, గాయాల పరిహారాన్నీ తాకుతుందో చదివాకే సంతకం. ఏటా 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందేమో చూడండి. ఒక చెయ్యి పూర్తిగా, ఇక తిరిగి రానట్టుగా పనికిరాకుండా పోతేనే లక్ష ఇస్తారు, కాబట్టి దాని మీద ఎక్కువ ఆశ వద్దు. విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉంటే వారానికింత చొప్పున ఇచ్చే భాగం చూడండి.

అలారాలు అమ్మినాయన మళ్లీ వస్తే నోటిమాట వద్దు, వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘అలారాలు సీలు వేసి భద్రంగా ఉన్నాయి. కమిషన్ ఆదేశిస్తేనే పరీక్షకు ఇస్తాం. మీరు చెబుతున్న 2.5 లక్షలు, దాని షరతులు రాతపూర్వకంగా పంపండి.’