పెద్దవాళ్లను నవ్వించబోయే ముందు

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విశాఖలో ఉద్యోగం వారానికి నాలుగు రోజులకి తగ్గించుకున్నావట, ఇక మీదట ప్రతి బుధవారం మనూరి రామకోవెల అరుగు మీద పెద్దవాళ్లను కూర్చోబెట్టి మనసు కుదుటగా, ఉల్లాసంగా ఉంచుకోవడం నేర్పిస్తావట. మీ అమ్మ గొంతులో జీతం తగ్గిందన్న బెంగే ఎక్కువ వినిపించింది. నాకు మాత్రం ముందు కళ్లు చెమర్చాయి. మన ఇంటి పిల్ల ఊళ్లో ముసలివాళ్ల గురించి ఇంత ఆలోచించిందా అనుకున్నాను. ఆ తర్వాత మొదలైంది టెన్షన్. ఇంత పని పెట్టుకుంటూ అత్తకి ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు? ఫోన్‌లో మాట్లాడితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

చిన్న చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఒకటో తారీకు బుధవారం వస్తే ఆ వారం మానెయ్, పింఛను పంచే రోజు ఎవరూ ఇల్లు కదలరు. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు ఏరే రోజులు కాబట్టి పొద్దున్న పెట్టకు, సాయంత్రం పెట్టు. నేల మీద చాపలు పరిస్తే మోకాళ్ల నొప్పులవాళ్లు రెండో వారం రారు, కుర్చీలు వేయించు. వినపడనివాళ్లను నీకు ఎదురుగా కూర్చోబెట్టు. దగ్గరలో మరుగుదొడ్డి ఉందో లేదో ముందే చూసుకో. లేదంటే ఆడవాళ్లు పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా వస్తారు, ఇంటింటా కిడ్నీ జబ్బు భయం ఉన్న మన ఉద్దానంలో అది అస్సలు మంచిది కాదు.

నోటు పుస్తకాలు కొంటున్నావని కూడా చెప్పింది. కొనకు. వాళ్లలో సగం మందికి వేలిముద్రే సంతకం. పుస్తకం చేతికి ఇచ్చిన నిమిషం నుంచీ నువ్వు టీచరువి, వాళ్లు చదువు రానివాళ్లు అయిపోతారు. ఈ రోజు జరిగిన మంచి విషయం పక్కవాళ్లకి నోటితో చెబితే చాలు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు శ్రద్ధగా వినడం కూడా మనసు ఉల్లాసంగా ఉండటానికి నువ్వు నేర్పబోయే ఎనిమిది మెలకువల్లో ఒకదాని కిందికే వస్తుంది కదా.

నువ్వు పంపిన వ్యాసాలు నెమ్మదిగా చదివాను. నర్సు ఉద్యోగం చేసినంతకాలం మేం జ్వరం చూశాం, బీపీ చూశాం, పురుళ్లు పోశాం. మనసు సంగతి మాకెవరూ నేర్పలేదు. ఆ ఎనిమిదీ నాకు అర్థమైనంత వరకు ఇవి: రోజులో జరిగిన మంచిని గమనించడం, దాన్ని మరోసారి తలుచుకోవడం లేదా ఎవరితోనైనా చెప్పుకోవడం, కృతజ్ఞత, ఉన్న క్షణం మీద మనసు నిలపడం, కష్టాన్ని ఇంకో వైపు నుంచి చూడటం, తనలోని బలాన్ని తాను గుర్తించడం, అందుకోగలిగిన చిన్న పని పెట్టుకోవడం, ఇంకొకరికి సాయపడటం. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూడిత్ మాస్కోవిట్జ్ బృందం వీటిని మతిమరుపు జబ్బుతో ఉన్నవాళ్లకు ఇంట్లో సేవ చేస్తున్న 170 మందిని తీసుకుని, ముందు వాళ్లలో కొంతమందికి వీడియో కాల్‌లో నేర్పి చూశారు. నేర్చుకున్నవాళ్లలో కుంగుబాటు, ఆందోళన తగ్గాయని 2019లో ప్రచురించారు. అది చదివి నాకు నిజంగా ధైర్యం వచ్చింది. మంచానపడ్డ మనిషిని చూసుకునే ఆడవాళ్లు మన ఊళ్లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. వాళ్లను కూడా పిలువు.

అమెరికాలో క్రైస్తవ సన్యాసినుల మీద చేసిన పరిశోధన గురించి మాత్రం వాళ్ల ముందు జాగ్రత్తగా మాట్లాడు. 180 మంది సన్యాసినులు ఇరవై రెండేళ్ల వయసు ప్రాంతంలో తమ జీవితం గురించి రాసుకున్న కాగితాల్లో సంతోషపు మాటలు ఎక్కువున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని 2001లో తేల్చారు. ఆ రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే. సంతోషమే ఆయుష్షు పెంచిందని అది రుజువు చేయలేదు. "నవ్వితే పదేళ్లు ఎక్కువ బతుకుతారు" అని నువ్వు అరుగు మీద అన్నావంటే, మొగుడినో కొడుకునో పోగొట్టుకున్న మనిషికి "మీవాడు సరిగా నవ్వలేదు కాబట్టి పోయాడు" అన్నట్టు వినిపిస్తుంది. యేల్ యూనివర్సిటీ పరిశోధకురాలు బెకా లెవీ చెప్పింది వేరు. ముసలితనం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని ఆవిడ 2002లో చూపించింది. అది కూడా రుజువు కాదు గానీ, దానిలోంచి నువ్వు తీసుకోవలసింది ఒకటుంది. మనవాళ్లు యాభై దాటగానే "కాటికి కాళ్లు చాపుకున్నవాళ్లం, మాకెందుకమ్మా" అంటారు. వాళ్లతో పాటు నువ్వు కూడా "పాపం, పెద్దవాళ్లు" అనకు. ఆ మాట నీ నోట రాకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చదువుకుంటున్నావు. అప్పటికి నేను రిటైరయ్యాను, అయినా మెడికల్ క్యాంపుకి రమ్మంటే కవిటి వైపు ఒక ఊరికి వెళ్లాను. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచి తోటంతా అడ్డంగా పడి ఉన్నాయి. జీడి తోటలూ అంతే. నెల తిరగకుండానే పట్నం నుంచి కొంతమంది పిల్లలు వచ్చారు. మంచి పిల్లలే, సొంత డబ్బుతో బియ్యం కూడా తెచ్చారు. పెద్దవాళ్ల మనసు తేలికపరుస్తామని బడి వరండాలో అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టించారు. గట్టిగా నవ్వమన్నారు, నవ్వారు. ఇంటికొచ్చిన పిల్లలు అడిగితే మనవాళ్లు కాదనరు కదా. తర్వాత ఒక్కొక్కరూ ఇవాళ జరిగిన ఒక మంచి విషయం చెప్పమన్నారు. ఒకావిడ మనవరాలు అన్నం తిందని చెప్పింది, ఇంకొకావిడ కరెంటు వచ్చిందని చెప్పింది. వరస ఒక ముసలాయన దగ్గరికి వచ్చింది. ఆయన చాలాసేపు నేల వైపు చూసి, "ఇవాళ కట్టెల బేరగాడు వచ్చాడు బాబూ. పడిపోయిన చెట్లకి రేటు కుదిరింది" అన్నాడు.

ఆ కుర్రాడు చప్పట్లు కొట్టాడు. "చూశారా, అదీ పాజిటివ్‌గా ఆలోచించడమంటే!" అన్నాడు. అందరి చేతా కొట్టించాడు.

ఆ ముసలాయన భుజం మీద తువ్వాలు తీసి తలకి చుట్టుకుని లేచి వెళ్లిపోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు. తండ్రి నాటిన చెట్లను, తాను నీళ్లు మోసి పెంచిన చెట్లను కట్టెల లెక్కన అమ్ముకున్న రోజు అది. ఆ తర్వాత ఆయన ఏ మీటింగుకీ రాలేదు. మా క్యాంపుకీ రాలేదు. బీపీ మాత్రలు ఇంటికి పంపితే తిప్పి పంపేశాడు.

ఆయన్ని మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆ పిల్ల ఏ ట్రైనింగులోనూ ఈ విద్య నేర్చుకోలేదు. రోజూ పని ముగించుకుని వెళ్తూ వాళ్ల తిన్నె మీద కాసేపు కూర్చునేది. ఒకరోజు నాకూ వెంట వెళ్లే అవకాశం దొరికింది. "తాతా, నూతి పక్కన ఉండేదే, ఆ చెట్టు కాయలు ఎలా ఉండేవి?" అని అడిగింది. ఆయన ఆ చెట్టు గురించి చెప్పాడు. దాని పక్క చెట్టు గురించి చెప్పాడు. ఏది ఎవరు పుట్టినప్పుడు వేశారో చెప్పాడు. మధ్యలో ఏడ్చాడు. ఆ పిల్ల ఓదార్చలేదు, లేవనూ లేదు. తర్వాత విత్తనపు కాయ ఎలా ఎంచాలో చూపించమంది. ఆయన లోపలికెళ్లి ఒక కాయ తెచ్చి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "నీళ్ల చప్పుడు వినబడాలి, చూడు" అని ఆ పిల్ల చెవి దగ్గర కూడా పెట్టి ఊపాడు. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు ఎవరూ చప్పట్లు కొట్టి తెప్పించింది కాదు. వెళ్లేటప్పుడు తనే చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ చూడమ్మా అన్నాడు నాతో.

ఎనిమిదింటిలో తన బలాన్ని తాను గుర్తించడం అన్నావే, అది ఇదే. కష్టాన్ని ఇంకో వైపు నుంచి చూడటం మాత్రం చిట్టచివర పెట్టుకో. ఆ మాట ఎవరికైనా వాళ్ల నోటినుంచి రావాలి గానీ మనం అందించకూడదు. సూసన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్‌తో చనిపోతున్నవాళ్లకి సేవ చేసిన వాళ్లను అడిగి తెలుసుకున్నది కూడా ఇలాంటిదే. వాళ్లకు దుఃఖం తగ్గలేదు. ఆ దుఃఖంలోనే, అదే రోజుల్లో, మంచి క్షణాలూ ఉన్నాయి. నీ బుధవారాల్లో ఏడవడానికి కూడా చోటుండాలి తల్లీ. ఎవరైనా ఏడిస్తే ప్రోగ్రాం పాడైందనుకోకు.

మీ నాన్న సంగతి రాయకూడదనే అనుకున్నాను. కానీ నా భయమంతా అక్కడే ఉంది. తమ్ముడు ఎక్కడుంటే అక్కడ నవ్వులే. ఊళ్లో పెళ్లయినా, పంచాయితీ అయినా వాడొస్తే తేలికైపోయేది. పాదాలు పొంగితే ఎరువుల బస్తాలు మోసినందుకన్నాడు. ఆకలి లేదంటే ఎండన్నాడు. నవ్వుతూ తిరిగే మనిషికి జబ్బేమిటని ఊరంతా అనుకుంది. కిడ్నీలు చాలావరకు పాడయ్యేదాకా పైకి ఏమీ కనిపించకపోవచ్చు, అదే ఆ జబ్బుతో వచ్చిన చిక్కు. మన వైపు ఇన్ని ఇళ్లలో ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేల్చలేకపోయారు. కాబట్టి నీ దగ్గరికొచ్చే ప్రతి మనిషికీ బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష ఎప్పుడు చేయించారో మొదటి నెలలోనే అడుగు. చేయించకపోతే పీహెచ్‌సీకి పంపు, అవసరమైతే పలాస కిడ్నీ ఆసుపత్రికి. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగేవాళ్లుంటారు. అవి కిడ్నీలకి హాని చేస్తాయి, డాక్టరు రాయనివి మానిపించు. ఎంత హుషారుగా ఉన్నా పాదాలు చూడు.

అలాగే రెండు వారాలకు పైగా ఎవరైనా ముడుచుకుపోయి ఉంటే, తిండి నిద్ర తగ్గితే, "మీరు మంచి విషయాలు గమనించడం లేదు" అనకు. అది కుంగుబాటు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బి12 తక్కువై ఉండవచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, పెద్దల హెల్ప్‌లైన్ 14567. రెండూ అరుగు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే బుధవారం దాకా ఆగకు, ఆ పూటే ఆసుపత్రికి.

నీ గురించి కూడా ఒక మాట. అన్ని గొంతులు విని ఇంటికొచ్చాక నీకు అన్నం సయించదు. నాకు తెలుసు. ఆ రాత్రి మీ అమ్మ దగ్గర కూర్చుని ఎవరి పేరూ చెప్పకుండా మనసులోది చెప్పుకో, లేదా నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఎత్తుతాను. టీ, బిస్కెట్ల మీద రోజు గడపకు. నీ ముఖం మీ నాన్న ముఖమే, చిక్కిపోతే నేను చూడలేను.

వచ్చినవాళ్లకి కొబ్బరి నీళ్లు ఇస్తానన్నావట. మనూళ్లో అదే మర్యాద, కానీ అందరికీ ఇవ్వకు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి అందులోని పొటాషియం ప్రమాదం. వాళ్లలో డాక్టరు నీళ్లకి కొలత చెప్పినవాళ్లు ఆ కొలతలోనే తాగాలి. ఎవరికేం పెట్టకూడదో ముందే అడిగి రాసుకో.

మొదటి బుధవారం నేను రాను. నన్ను చూస్తే అందరూ బీపీ చూపించుకోవడానికి వరస కడతారు, నీ మాట ఎవరూ వినరు. రెండో బుధవారం మిషను పట్టుకుని పొద్దున్న బస్సుకే వస్తాను. మీ అమ్మని వంట ఎక్కువ చేయొద్దని చెప్పు.

మీ అత్త