పాఠకుల ప్రశ్నలు: మెదడులో బద్దెపురుగు తిత్తులు, ఫిట్స్

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు, బరువు 27 కిలోలు. ఈమధ్య ఫిట్స్ వచ్చాయి. స్కాన్‌లో ఒక తిత్తి కనబడిందట, పంది బద్దెపురుగు వల్లేనన్నారు. మా ఇంట్లో ఆ మాంసం ఎవరూ ముట్టరు. నులిపురుగుల మాత్ర ఒకటి వేస్తే పోదా?

జవాబు: పోదు. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్కసారి వేస్తారు. ఇక్కడా మందు అదే, లెక్క మాత్రం వేరు. కిలో బరువుకు రోజుకు 15 మి.గ్రా. చొప్పున, రెండు పూటలుగా, ఒకటి నుంచి రెండు వారాలు వెయ్యాలి. మీ బాబుకు రోజుకు 400 వస్తుంది: మాత్రలో సగం పొద్దున, సగం రాత్రి. పరగడుపున వేస్తే ఒంటికి సరిగా పట్టదు. కాస్త నూనో నెయ్యో తగిలిన భోజనం తర్వాత వెయ్యండి.

మోతాదు కంటే ముఖ్యమైంది వరస. ముందు ఫిట్స్ మందు, తర్వాత స్టెరాయిడ్, ఆ తర్వాతే ఆల్బెండజోల్. బతికున్న తిత్తి రోగనిరోధక శక్తి కన్నుగప్పి ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండిపోగలదు. చచ్చేటప్పుడే దాని చుట్టూ మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. మందుతో చంపితే ఆ వాపు ఒక్కసారిగా వస్తుంది కనుక మొదటి వారంలో తలనొప్పి, వాంతులు, ఫిట్స్ పెరగొచ్చు. దాన్ని అదుపులో పెట్టడానికే స్టెరాయిడ్. మందు పడలేదనుకుని మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మానకండి, డాక్టరుకు చెప్పండి.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు అడిగి మరీ చేయించుకోండి. ఒకటి కంటి లోపలి పరీక్ష: కంట్లో తిత్తి ఉండి అక్కడ వాస్తే చూపే పోవచ్చు. రెండోది క్షయ పరీక్ష. క్షయ గడ్డ కూడా స్కాన్‌లో ఇలాగే కనబడుతుంది, 20 మి.మీ. దాటితే అనుమానం దానివైపే మొగ్గుతుంది. పైగా స్టెరాయిడ్ క్షయను ముదరబెడుతుంది.

ఇక మాంసం సంగతి. సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగులో పెరుగుతుంది. మెదడులో తిత్తి వచ్చేది ఆ పురుగు గుడ్లు మింగితే. పేగులో పురుగున్న మనిషి మలంలోంచి, కడుక్కోని చేతుల మీదుగా అవి తిండిలోకి చేరతాయి. అందుకే శాకాహారులకూ వస్తుంది. ఇంట్లో వాళ్లకీ, వంట చేసేవాళ్లకీ మల పరీక్ష చేయించండి, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఒక్కసారి చేస్తే దొరక్కుండా పోవడం మామూలే.

ప్రశ్న: నేను గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తను. స్కాన్ సౌకర్యం చాలా దూరం. ఫిట్స్ ఉన్నవాళ్లందరికీ ప్రాజిక్వాంటెల్ ఇచ్చెయ్యొచ్చా?

జవాబు: వద్దు. తిత్తులు ఎన్నున్నాయో, ఏ దశలో ఉన్నాయో తెలియకుండా వాటిని చంపే మందు ఇవ్వకూడదు. మెదడు అప్పటికే బాగా వాచి ఉంటే ఆ మందు ప్రాణం మీదికి తెస్తుంది. తిత్తి చచ్చి సున్నం పట్టిపోయి ఉంటే ఆ మందుతో పనే లేదు. పైగా ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సైతం మూర్ఛ కేసుల్లో దీనివల్ల వచ్చేవి సుమారు 30 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిగతావాళ్ల సంగతేమిటి?

ఫిట్స్ మందుకు మాత్రం స్కాన్ కోసం ఆగనక్కర్లేదు. డాక్టరు చూసి మూర్ఛేనని తేలిస్తే చాలు. పెద్దవాళ్లకు ఫినోబార్బిటాల్ సాధారణంగా రాత్రికి 60 మి.గ్రా.తో మొదలుపెడతారు. చవక, రోజుకు ఒక్కసారి చాలు. మగత ఉంటుంది, పిల్లల్లో చిరాకు, పేచీ పెరగొచ్చు. కార్బమజెపిన్ అయితే తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ వద్దు, గర్భంలో బిడ్డకు ప్రమాదం. గ్రామాల్లో చికిత్స చెడేది ఎక్కువగా స్టాకు అయిపోయినప్పుడే. ఫినోబార్బిటాల్ ఉన్నట్టుండి ఆగితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. కాబట్టి ఇంకో నెలకు సరిపడా ఎప్పుడూ చేతిలో ఉంచండి.

ఫిట్స్‌తోపాటు విడవని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి.

పేగులో పురుగున్నట్టు తేలిన పెద్దవాళ్లకు నిక్లోసమైడ్ 2 గ్రాములు, బాగా నమిలి, ఒకే మోతాదు. అది పేగు దాటి రక్తంలోకి దాదాపుగా వెళ్లదు కనుక మెదడులో తెలియని తిత్తులున్నా వాటిని కదపదు. ప్రాజిక్వాంటెల్‌కు ఆ భరోసా లేదు.

ప్రశ్న: నా తిత్తి సున్నం పట్టి మచ్చగా మిగిలిందన్నారు. ఏడాదిగా ఫిట్స్ లేవు. మాత్రలు ఆపొచ్చా?

జవాబు: ఇంకా కాదు. తిత్తి ఆనవాలు లేకుండా కరిగిపోయినవాళ్లకు, ఆరు నెలలు ఫిట్స్ రాకపోతే ఆపడం గురించి ఆలోచిస్తారు. సున్నపు మచ్చ మిగిలితే దాని చుట్టూ మళ్లీ వాపు రావచ్చు, అందుకే సాధారణంగా రెండేళ్లు చూస్తారు. ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. తగ్గిస్తున్నన్నాళ్లూ బండి నడపొద్దు, బావిలో, చెరువులో ఒంటరిగా దిగొద్దు.