తోలు సంగతి తర్వాత, ముందు స్ప్రింగులు చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారి కారును పాత ఇనుము కింద అమ్మేయకుండా నిలబెట్టుకోవాలని, అందులోనూ సీట్ల పని నీ చేతులతోనే చేయాలని అనుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. నాలుగు ప్రశ్నలు అడిగావు. తోలు మంచిదా రెక్సిన్ మంచిదా, ఏ రంగు, ఎన్ని మీటర్లు, ఏ దారం. నాలుగూ పైతొడుగు గురించినవే. జవాబులు చెబుతాను, కానీ ముందు ఒక మాట విను. సీటు చిరిగేది పైన, చెడేది మాత్రం కింద.

డ్రైవరు సీటుకు తలుపు వైపు అంచు చిరిగిందని రాశావు. పాత కార్లలో సాధారణంగా మొదట చిరిగేది అక్కడే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా ఒక్క క్షణం ఆ అంచు మీద ఆగుతుంది. ఏళ్ల తరబడి నలిగి నలిగి లోపలి ఫోమ్ అణిగిపోతుంది. తొడుగు వదులై ముడత పడుతుంది. ఆ ముడత చట్రం అంచున ఉండే లావుపాటి తీగకు రోజూ రాసుకుంటుంది. చివరకు కుట్టు తెగుతుంది. కింద ఆ గుంటను అలాగే వదిలేసి పైన ఎంత మేలైన తోలు తొడిగినా, కొన్నాళ్లకు అదే చోట అదే చిరుగు వస్తుంది. పాత ఫోమ్ మీద కొత్త తొడుగు వేయించుకుని, ఏడాది తిరగకుండా మళ్లీ నా దగ్గరకు తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం నువ్వు అడగని విషయాల గురించే ఉంటుంది.

సీటు విప్పకముందే ఒక పని చేయాలి. నువ్వు ఎప్పుడూ కూర్చునే తీరులో కూర్చుని, పక్కన ఎవరినైనా టేపు పట్టుకోమని మూడు కొలతలు తీయించు: తలకూ కప్పుకూ మధ్య ఎంత ఉంది, తొడకూ స్టీరింగుకూ మధ్య ఎంత ఉంది, సీటు ముందు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. కొత్త ఫోమ్ పాతదానికంటే లేచి ఉంటుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక కారుకు మందమైన గట్టి ఫోమ్ పెట్టి చక్కగా తొడుగు బిగించాను. చూడటానికి ఎంతో బాగుంది. కారు యజమాని ఎక్కి కూర్చుంటే తల కప్పుకు తగిలింది. రెండు సీట్లూ మళ్లీ విప్పాను. అప్పటి నుంచి కొలతలు తీయకుండా ఒక్క బోల్టు కూడా తిప్పలేదు.

సీట్లను నేలకు పట్టి ఉంచే బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రంతా నాననివ్వు. బలవంతంగా తిప్పితే తల విరిగి కాండం నేలలోనే ఉండిపోతుంది. వచ్చిన బోల్టులను సంచిలో వేసి, ఏది ఎక్కడిదో రాసిపెట్టు. వీటి గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

రెండు ముందు సీట్లనూ ఒకేసారి విప్పవద్దు. ఇది సలహా కాదు, నా ఆజ్ఞ అనుకో. ఒకటి విప్పి, పూర్తిగా కట్టాకే రెండోది ముట్టుకో. ఎన్ని ఫొటోలు తీసుకున్నా, ఏ మడత దేని కిందకు వెళ్లిందన్న అనుమానం వచ్చినప్పుడు తిరగేసి చూసుకోవడానికి చెక్కుచెదరని సీటు ఒకటి పక్కన ఉండాలి. చేయి తిరగడానికి వెనక సీటుతో మొదలుపెట్టు. దానికి పట్టాలు, మీటలు ఉండవు, పని సులువు.

తొడుగు విప్పేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో. పాత పాలియురేథేన్ ఫోమ్ తేమకూ గాలికీ ఎండకూ లోపలి నుంచే విరిగిపోతుంది. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవదు, పసుపు రంగు పొడిగా రాలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. సీటును తిరగేస్తే అడుగున తొడుగు అంచులను చట్రానికి పట్టి ఉంచిన చిన్న తీగ ఉంగరాలు కనబడతాయి. వాటిని హాగ్ రింగులు అంటారు. వాటిని కట్టరుతో తుంచేయి, మళ్లీ వాడకు. కొత్తవి, వాటిని బిగించే ప్రత్యేకమైన పట్టకారు కొనుక్కో. మామూలు పట్టకారుతో బిగిస్తే ఉంగరం పక్కకు తిరిగిపోయి వేళ్లు కోసుకుంటాయి. కొన్ని కార్లలో ఉంగరాలు ఉండవు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సీట్లలో చట్రానికి ఉన్న పళ్లకే తొడుగు అంచును గుచ్చి పడతారు. నీ కారులో ఏది ఉందో చూసి ఆ పద్ధతినే అనుసరించు.

తొడుగు లోపలి వైపు, సీటు మధ్యలో పల్లం పడే గీతల వెంట, సన్నని గుడ్డ గొట్టాలు కుట్టి ఉంటాయి. వాటిలో ఇనుప తీగలు దూర్చి ఉంటాయి. ఆ తీగలే తొడుగును కిందకు లాగి సీటుకు దాని ఆకారం ఇస్తాయి. కొత్తవాళ్లు వీటిని పాత తొడుగుతో పాటు చెత్తలో పారేస్తారు. తర్వాత ఎంత లాగినా తొడుగు మధ్యలో గుడారంలా లేచి నిలబడుతుంది, కారణం ఏమిటో తెలియదు. ఒక్కొక్క తీగనూ బయటికి తీసి, తుప్పు గీకి, ఏ గొట్టంలోదో చీటీ కట్టి దాచు. మరీ తినేసి ఉంటే అదే పొడవు, అదే వంపుతో కొత్తది చేయి.

ఇప్పుడు చట్రం. తీగ బ్రష్షుతో తోమి, గొట్టాలు కలిసే అతుకులన్నీ వేలితో తడిమి చూడు. సన్నని పగుళ్లు కంటికంటే వేలికే ముందు తెలుస్తాయి. పగులు ఉంటే వెల్డింగు చేయించాకే తుప్పు నిరోధక ప్రైమరు, రంగు వేయాలి. తెగిన స్ప్రింగును తీగతో కట్టి సరిపెట్టవద్దు, అదే కొలతది తెచ్చి మార్చు. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో స్ప్రింగులకు బదులు రబ్బరు పట్టీలు, రబ్బరు షీట్లు ఉంటాయి. అవి సాగిపోయి, బీటలు వారి ఉంటే మార్చడం తప్ప దారి లేదు.

స్ప్రింగుల మీద నేరుగా ఫోమ్ పెట్టకూడదు. మధ్యలో మందపాటి గోనెగుడ్డ గానీ, నొక్కి చేసిన ఫెల్టు గానీ పరిచి చట్రానికి బిగించాలి. అది లేకపోతే స్ప్రింగు చుట్టలు ఫోమ్‌ను కింది నుంచి కోసుకుంటూ పోతాయి. బయటకు కనబడని పొర అని దీన్ని వదిలేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఫోమ్ దగ్గర కాస్త నిదానించు. నీ కారులో అసలు ఏముందో ముందు చూసుకో. పాత కార్లలో గుర్రపు వెంట్రుకలు, దూది నింపేవారు. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు, వెంట్రుకల దిండ్లు తర్వాత కూడా చాలా ఏళ్లు వాడుకలో ఉన్నాయి. రబ్బరు పాలతో చేసే ఫోమ్‌ను 1929లో డన్‌లప్ కంపెనీలో కనిపెట్టారు. పాలియురేథేన్ రసాయనం 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం చేతిలో పుట్టింది, మెత్తని ఫోమ్‌గా 1950లలో వాడుకలోకి వచ్చింది. పీచు దిండు ఇంకా గట్టిగా ఉంటే పారేయకు. దాని మీద పలుచటి కొత్త ఫోమ్ పొర వేస్తే చాలు, సీటు అసలు స్వభావం పోదు.

కొనేటప్పుడు సాంద్రత, గట్టితనం రెండూ ఒకటే అనుకోవద్దు. సాంద్రత అంటే ఘనపు మీటరు ఫోమ్ బరువు ఎన్ని కిలోలు అన్నది. అది ఎంతకాలం మన్నుతుందో చెబుతుంది. గట్టితనం అంటే నొక్కితే ఎంత ఎదురు నిలుస్తుందన్నది. అది ఎలా కూర్చుంటామో చెబుతుంది. చేతికి గట్టిగా తగిలే తేలిక ఫోమ్ కూడా ఉంటుంది. దుకాణంలో బాగానే అనిపించి ఆరు నెలల్లో అణిగిపోయేది అదే. కూర్చునే భాగానికి 45 నుంచి 50 కిలోల సాంద్రత ఉన్నది అడుగు. వీపు భాగానికి అంతకంటే తేలికైనది, మెత్తనిది చాలు. తలుపు వైపు అంచుకు మాత్రం మధ్య భాగం కంటే గట్టి ముక్క వేరుగా కోసి అతికించు. నీ సీటు చిరిగిన చోటికి అసలు మందు అదే. పరుపుల కోసం చేసిన ఫోమ్ కాకుండా వాహనాల కోసమే చేసినది తీసుకో. కారు లోపలి సామగ్రి నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి మంట పాకనివ్వకూడదని అమెరికాలో 1972 నుంచి నియమం ఉంది. ఆ ప్రమాణానికి తగిందేనా అని అమ్మేవారిని అడుగు.

ఫోమ్‌ను పొడవాటి పదునైన కత్తితో, నొక్కకుండా, రంపంలా ఆడిస్తూ కోయాలి. నొక్కి కోస్తే అంచు లోపలికి వంగి వస్తుంది. తొడుగు కొలత కంటే చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ వదులు. ఆ ఎక్కువే తొడుగును లోపలి నుంచి నింపి బిగువుగా నిలబెడుతుంది. జిగురు గాలి ఆడే చోట వాడు. రెండు వైపులా చల్లి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక కలుపు. కూర్చునే భాగం మధ్యలో మాత్రం జిగురు గీత రాకూడదు. అది ఎండి గట్టిపడి కూర్చున్నప్పుడు తగులుతుంది.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను. ఎన్ని మీటర్లన్నది పాత తొడుగే చెబుతుంది. అదే నీకు నమూనా. కుట్లు విప్పకముందే ప్రతి కుట్టుకూ అడ్డంగా, బెత్తెడు దూరానికొకటి చొప్పున, రెండు ముక్కల మీదా పడేలా గీతలు గీయి. ముక్కల వెనక అంకెలు వేసి, ముందు వైపు ఎటో బాణం గుర్తు పెట్టు. తర్వాత కుట్లు విప్పి, ముక్కలను అట్ట మీద పరిచి గీసుకో. కుడి ఎడమ ముక్కలను ఒకదాని మీద ఒకటి వేసి చూడు. ఎక్కువ సాగినదాన్ని వదిలి, సాగనిదాన్ని తిరగేసి వాడు. కుట్టుకు 12 మిల్లీమీటర్ల అంచు వదులు. అట్ట ముక్కలన్నీ నేల మీద పేర్చి కొలిస్తే ఎంత కొనాలో నీకే తెలుస్తుంది.

రంగు కోసం సీటు పైభాగం చూడకు, అది ఎండకు వెలిసిపోయి ఉంటుంది. చట్రం కిందకు మడిచి దాచిన అంచు చూడు. కారు తయారైన రోజున ఉన్న రంగు అక్కడ ఉంటుంది.

తోలా రెక్సినా అంటే, కారులో మొదట ఏది ఉందో అదే వేయమంటాను. మొదటిసారి కుడుతున్నావు కాబట్టి రెక్సిన్ అయితే నీకు మేలు. తోలులో పొట్ట భాగం సాగుతుంది, కూర్చునే చోటికి వెన్ను వైపు తోలే వాడాలి. పైగా రెండింటిలోనూ ఒకసారి పడిన సూది రంధ్రం పూడదు. తప్పు కుట్టు విప్పినా మచ్చ మిగులుతుంది. అందుకే ముందు పాత దుప్పటి గుడ్డతో ఒక తొడుగు కుట్టి తొడిగి చూసుకో.

దారం పాలియెస్టరుది, టెక్స్ 70 మందం. నైలాన్ బలమైనదే కానీ ఎండకు త్వరగా బలం తగ్గుతుంది. టెక్స్ 70 దారానికి 110 నంబరు సూది సరిపోతుంది. కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లు. దగ్గర దగ్గరగా కుడితే బలమనుకుంటారు, కానీ రంధ్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని తపాలా బిళ్ల అంచులా అక్కడే చిరుగుతుంది. మూలల్లో పైపింగ్, అంటే కుట్టు వెంట తాడులా ఉబ్బెత్తుగా కనబడే అంచుపట్టీ, తిరిగే చోట దాని అంచును సన్నగా, కుట్టు గీతకు రెండు మిల్లీమీటర్ల ఇవతల వరకే, అయిదారు చోట్ల కత్తిరించు. అప్పుడు వేలితో తోస్తే పైపింగ్ మూల చుట్టూ తనే వంగుతుంది. కత్తిరించకపోతే మూల ముడుచుకుని చతురస్రంగా కనబడుతుంది.

తొడిగే రోజు రెక్సిన్‌ను ఎండలో పెట్టి వెచ్చబరచు, మెత్తబడి సాగుతుంది. తోలుకు మాత్రం ఎక్కువ వేడి తగలనివ్వకు, ముడుచుకుపోతుంది. ఫోమ్ మీద పలుచటి పాలియెస్టర్ దూది పొర వేసి, పైన పలుచటి ప్లాస్టిక్ కాగితం కప్పితే తొడుగు జారుతూ ఎక్కుతుంది. ఎక్కాక కాగితాన్ని లాగేయి. ఉంగరాలు వేసేటప్పుడు ముందు మధ్య తీగలు, తర్వాత ఎదురెదురు వైపులు, ఆఖరికి మూలలు. ఒక వైపు మొత్తం బిగించి రెండో వైపుకు వెళితే కుట్టు గీతలు వంకరపోతాయి.

సీటును కారులో బిగించేటప్పుడు సంచిలో దాచిన బోల్టులు తీసి చూడు. తుప్పు లోతుగా తిన్నవాటిని మార్చు. తలమీద ఉన్న అంకెలు చూసి అదే బలం ఉన్నవే తీసుకో, 8.8 అని ఉంటే 8.8 కంటే తక్కువది పెట్టవద్దు. ప్రమాదంలో నిన్నూ సీటునూ పట్టి ఉంచేవి అవే. బెల్టు బిగించే చోట నేల రేకు తుప్పు పట్టిందేమో కింద నుంచి కూడా చూడు. ఆ తర్వాత టేపు తీసుకుని మొదటి మూడు కొలతలూ మళ్లీ తీయి. కొన్ని వారాలు కూర్చున్నాక ఫోమ్ కొద్దిగా సర్దుకుంటుంది, కాబట్టి ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉంటే కంగారు పడకు.

వెనక సీటు విప్పిన రోజు, తొడుగు ఇంకా ముట్టుకోకముందు, అడుగు భాగం ఫొటో ఒకటి తీసి నాకు పంపు. స్ప్రింగులు ఎలాంటివో చూసి, గోనెగుడ్డ ఎంత కావాలో రాస్తాను.

మీ మామయ్య