డ్రిల్లు పారేయకు తమ్ముడూ, ముందు బ్యాటరీ సంగతి చూడు

ఇల్లు ఖాళీ చేసినవాళ్లు వదిలేసి వెళ్లిన 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు రాత్రంతా చార్జింగ్ పెట్టినా నాలుగు మరలు బిగించేసరికి చతికిలబడుతోంది, పారేసి కొత్తది కొననా అని అడిగావు. కొనకు. అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు జీతం చేతిలో పడగానే చేసే పనే ఇది. చాలామందికి పోయేది బ్యాటరీ, డ్రిల్లు నిక్షేపంగానే ఉంటుంది. అదే కంపెనీ, అదే రకం బ్యాటరీ ఎవరినైనా అడిగి తగిలించి చూడు. గిర్రున తిరిగితే మోటారుకు ఢోకా లేదు. అడగడానికి మొహమాటం దేనికి, ఇక్కడివాళ్లు పనిముట్లు అడిగితే సంతోషంగానే ఇస్తారు.

నేను వచ్చిన కొత్తలో చవగ్గా వస్తోందని ఊరూ పేరూ లేని బ్యాటరీ తెప్పించాను. పైన అచ్చేసిన ఆంపియర్-అవర్లు, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె, చూసి మురిసిపోయాను కానీ, చేత్తో పట్టుకుంటే ఒరిజినల్ కంటే తేలిగ్గా ఉందేమిటా అని ఆలోచించలేదు. అది చలికాలం దాటలేదు. ఆ డబ్బు పోయిందన్న కడుపుమంటతో పాత ఒరిజినల్ బ్యాటరీ ప్యాక్ విప్పాను. నికెల్-కాడ్మియం రకం, ఒక్కోటి 1.2 వోల్టుల సెల్లులు 15 ఉన్నాయి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే రెండు మాత్రం సున్నా చూపించాయి. ఆ రెండే మార్చి, మిగిలినవి మిగుల్చుకున్నానని సంబరపడ్డాను. పిసినారితనం! వరసలో కలిపిన సెల్లుల్లో నీరసంగా ఉన్నది ముందు ఖాళీ అవుతుంది, తక్కినవి దానిలోంచి ఎదురు కరెంటు తోసి చంపేస్తాయి. నా పాత సెల్లులు అలాగే ఒకదాని వెనక ఒకటి పోయాయి. మారిస్తే మొత్తం మార్చాలి, అదీ ఒకే రకం, ఒకే కెపాసిటీవి. సోల్డరింగ్ ఐరన్ నేరుగా సెల్లు మీద పెట్టావంటే వేడికి లోపల చెడుతుంది. ముందే ట్యాబులు (సన్నటి లోహపు పట్టీలు) వెల్డ్ చేసిన సెల్లులు కొని, ట్యాబుకు ట్యాబు సోల్డర్ చెయ్యి.

నీది లిథియం ప్యాక్ అయితే విప్పకు, అది ఆటలాడే వస్తువు కాదు. దాన్ని పాత నికెల్-కాడ్మియం చార్జర్‌లో పెట్టడం అంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. గడ్డకట్టే చలిలో గరాజ్‌లో చార్జింగ్ కూడా వద్దు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఇక డబ్బు లెక్క. కొన్నిసార్లు ఒరిజినల్ బ్యాటరీ ధరకు కాస్త కలిపితే రెండు బ్యాటరీలతో కొత్త సెట్టే వస్తుంది, ఆ ధర చూశాకే కొను. '20 వోల్ట్ మ్యాక్స్' అని రాసి ఉందని ఎక్కువ పెట్టకు. అందులోనూ 3.6 వోల్టుల సెల్లులు అయిదే, లెక్కకు 18 వోల్టులే. ఒక కంపెనీ బ్యాటరీ కొనడమంటే సంబంధం కలుపుకోవడమే, తర్వాత కొనే రంపమూ గ్రైండరూ అన్నీ ఆ ఇంటివే కావాలి. వేరే కంపెనీ లిథియం బ్యాటరీ నీ దగ్గర ఇప్పటికే ఉంటే పాత డ్రిల్లుకు సరిపడే అడాప్టర్ చవగ్గా దొరుకుతుంది. కొన్నింటిలో బ్యాటరీ అడుగంటకముందే ఆపే ఏర్పాటు ఉండదు కాబట్టి, డ్రిల్లు నెమ్మదించగానే నువ్వే ఆపాలి.

ఇండియా తీసుకెళ్తావా? డ్రిల్లు చెక్-ఇన్‌లో, విడి లిథియం బ్యాటరీ చేతి సంచీలో. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ల ప్యాక్ అంటే రెండూ గుణిస్తే 90 వాట్-అవర్లు, విమానంలో మామూలు పరిమితి 100. మిగతా రూల్స్ ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకో. చార్జర్ వెనక 120 వోల్టులే రాసి ఉంటే మాత్రం దాన్ని ఇక్కడే వదిలెయ్, అక్కడి 230కి తగిలించిన క్షణమే పొగ.