విల్లూ కవచమూ: నీ మూడో అధ్యాయం గురించి

చిరంజీవి సుధీర్‌కి ఆశీస్సులు.

నీ నవలలో అజిన్‌కోర్ట్ అధ్యాయం, అదే 1415లో ఫ్రాన్సులో ఇంగ్లిష్ సేన ఫ్రెంచివాళ్లని ఓడించిన యుద్ధం, చదివాను. వాక్యానికి మంచి పరుగుంది. యుద్ధమే కుదరలేదయ్యా. నువ్వు రాసిన ప్రతి ఇంగ్లిష్ బాణమూ ఒక ఫ్రెంచి ప్రభువు రొమ్ములో దూరి వీపులోంచి వస్తోంది. 1415 నాటికి అలాంటి ప్రభువులు తొడిగింది ఉక్కు రేకు కవచం. ఛాతీ మీద మందంగా, వంపు తిరిగి ఉండేది. ఎంత బలమైన విల్లుతో కొట్టినా, మంచి రేకైతే ములికి, అంటే బాణం మొన, దాని మీద జారిపోవడమో, బాణం విరగడమో జరిగేది.

మరి ఫ్రెంచివాళ్లెందుకు ఓడారు? నీ కథంతా అక్కడే ఉంది. రౌతుకున్నంత కవచం గుర్రానికి లేదు. బాణం దిగిన గుర్రాలు బెదిరి వెనక్కి తిరిగి, నడిచొస్తున్న సొంతవాళ్లనే తొక్కాయి. పైగా కొత్తగా దున్నిన చేను, రాత్రంతా కురిసిన వాన, రెండు పక్కలా అడవి. ముఖకవచం దించితే ఊపిరాడదు, ఎత్తితే కళ్లకు ముప్పు. తల వంచుకుని ఆ బురదలో నడిచే ఒక్క మనిషి లోపలికి వెళ్లి రాయి: రేకు మీద ములికి టంగుమన్న మోత, వెనకనుంచి తోపు, పైకి రానంటున్న కాలు. అతను శత్రువు దగ్గరికి చేరేసరికి కత్తి ఎత్తే ఓపిక మిగల్లేదు.

ముఖానికి తగిలితే సంగతి వేరు. ఆ రోజు ఇంగ్లిష్ సేనను నడిపిన ఐదో హెన్రీయే 1403లో, పదహారేళ్ల వయసులో, ష్రూస్‌బరీ యుద్ధంలో ముఖాన బాణం తిన్నాడు. లోతుగా దిగిన ములికిని జాన్ బ్రాడ్‌మోర్ అనే వైద్యుడు అందుకోసమే తయారుచేసిన పరికరంతో బయటికి లాగాడు. చెంపన మచ్చ ఉండాల్సిన రాజుని నువ్వు నున్నగా చూపించావు!

ఇంకోటి. నీ విలుకాడు నారి చెవిదాకా లాగిపట్టి నాలుగు డైలాగులు చెప్పాడు. 1545లో మునిగిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన విళ్లు చూస్తే, చాలావాటిని పూర్తిగా లాగడానికి 100 పౌండ్ల (సుమారు 45 కిలోల) పైమాటే బలం కావాలని లెక్కకట్టారు. అంత బరువు లాగినవాడు వెంటనే వదిలేస్తాడు. మాటలు ముందో తర్వాతో పెట్టు.

విళ్లదే ఎప్పుడూ గెలుపనీ రాయకు. 1424లో ఫ్రాన్సులోని వెర్నాయ్ దగ్గర, ఫ్రెంచివాళ్ల పక్షాన వచ్చిన లొంబార్డు (ఉత్తర ఇటలీ) రౌతులు గుర్రాలకూ కవచం తొడిగి, ఇంగ్లిష్ విలుకాళ్ల వరసని చీల్చుకుని అవతలికి పోయారు. అయినా ఆ రోజు గెలిచింది ఇంగ్లిష్ వాళ్లే. అదెలాగో తెలుసుకుంటే నీకు రెండో నవల దొరుకుతుంది.

అధ్యాయం తిరగరాసి పంపు. అజిన్‌కోర్ట్‌లో బాణాలు అయిపోయాక ఆ విలుకాళ్లు సుత్తులూ కత్తులూ పట్టుకుని బురదలోకి దిగారు. నీ ప్రతిలో ఆ ఘట్టమే లేదు.