గేమ్ పబ్లిషర్‌కి కొత్త సీఈఓ వస్తే ఆటల్లో కొత్తదనం మారుతుందా?

మారుతుంది. కానీ మీరు అనుకున్నంత త్వరగా మారదు, అందుకే మనం పొగడ్తయినా తిట్టయినా చాలాసార్లు తప్పు మనిషికి ఇస్తుంటాం.

మీరు అడిగింది, ఆటలు తయారు చేసేది కింద టీములే కదా, పైన సీఈఓ మారితే సృజనకి ఏమవుతుంది అని. నేను హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్ స్టూడియోలో కొన్నేళ్లు డిజైనర్‌గా పనిచేశాను. మా పైన విదేశీ పబ్లిషర్, అంటే ఆటలకి డబ్బు పెట్టి మార్కెట్లోకి తెచ్చే కంపెనీ, ఉండేది, నేనున్నప్పుడే మా స్టూడియో హెడ్ మారారు. లోపలి నుంచి చూసింది, ఇష్టం కొద్దీ ఏళ్లుగా చదువుకున్నది రెండూ కలిపి చెప్తాను.

ముందు టైము సంగతి. పెద్ద ఆట తయారవడానికి మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే కొత్త సీఈఓ వచ్చాక మొదటి రెండేళ్లలో బయటికొచ్చే ఆటలు చాలావరకు పాతాయన ఒప్పుకున్నవే. ఈఏ, అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద అమెరికన్ పబ్లిషర్ సంగతే చూడండి. జాన్ రికిటెల్లో అక్కడ సీఈఓ అయింది 2007 ఏప్రిల్‌లో. 2008లో డెడ్ స్పేస్, మిర్రర్స్ ఎడ్జ్ అనే రెండు ఆటలు వచ్చాయి. ఏటా అవే స్పోర్ట్స్ ఆటలు, సీక్వెల్స్ తీస్తారని పేరుపడ్డ కంపెనీ నుంచి ఒకే ఏడాదిలో సీక్వెల్స్ కాని రెండు కొత్త ఆటలు వచ్చేసరికి అందరూ కొత్త సీఈఓ మహిమ అన్నారు. కానీ డెడ్ స్పేస్ పని ఆయన రాకముందే, 2006లోనే మొదలైంది. ఆయన్ని తక్కువ చేయడం లేదు, మధ్యలో ఆపేయకుండా డబ్బు పెట్టి బయటికి తేవడం కూడా నిర్ణయమే. కానీ 2009 నవంబర్ వచ్చేసరికి అదే కంపెనీ 1500 ఉద్యోగాలు తీసేస్తున్నామంది, తన కిందున్న పాండెమిక్ అనే స్టూడియోని మూసేసింది, ఫేస్‌బుక్ ఆటలు చేసే ప్లేఫిష్‌ని కొనింది. ఆ నెలలో తీసుకున్న నిర్ణయాల ఫలితం ఆ నెలలో మార్కెట్లో ఉన్న ఆటల్లో ఎలా కనిపిస్తుంది?

ఈ విషయం నిజంగా అర్థం కావాలంటే జపాన్ గేమ్ కంపెనీ నింటెండో కథ తెలియాలి. నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను.

హిరోషి యమౌచీ 1949 నుంచి 2002 దాకా, అంటే 53 ఏళ్లు నింటెండోని నడిపారు. పేకముక్కలు అమ్మే కుటుంబ వ్యాపారాన్ని వీడియో గేముల్లోకి తెచ్చింది ఆయనే. ఆయనకి ఆటలు ఆడే అలవాటు లేదు, అయినా ఏది మార్కెట్లోకి వెళ్లాలో చివరి మాట ఆయనదే. లోపల టీముల్ని ఒకదానితో ఒకటి పోటీ పెట్టేవారు. మెయింటెనెన్స్ పనిలో ఉన్న గున్పేయ్ యొకోయ్ సరదాకి చేసుకున్న ఒక బొమ్మ యమౌచీ కంట్లో పడితే, దాన్ని సరుకుగా మార్చమని ఆయనకే అప్పజెప్పారు. తర్వాత చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ చేసింది ఆ యొకోయే. అంటే యమౌచీ గొప్పతనం ఆలోచనలు పుట్టించడంలో కంటే మనుషుల్ని గుర్తుపట్టడంలో ఉంది. భయం ఉండేది, నిజమే. కానీ ఆయన ఒకసారి నమ్మితే పక్కవాళ్లెవరూ అడ్డుపడలేకపోయేవారు.

అలాంటాయన 2002లో తన కుటుంబంలో ఎవరికీ ఇవ్వకుండా సతోరు ఇవాతాకి కుర్చీ ఇచ్చారు. అప్పుడు ఇవాతాకి 42 ఏళ్లు. ఆయన ప్రోగ్రామర్. అంతకుముందు అప్పుల్లో మునిగిపోయిన హాల్ లేబొరేటరీ అనే గేమ్ స్టూడియోకి 1993లో అధ్యక్షుడై, ఆ అప్పులన్నీ తీర్చి వచ్చారు. అక్కడ ఒక్కో ఉద్యోగితో విడివిడిగా కూర్చుని మాట్లాడేవారు. ఏం పని చేస్తున్నావు, ఏది నచ్చట్లేదు, ఎక్కడ ఆగిపోయావు అని వినడమే ఆయన మేనేజ్‌మెంట్. కోడ్ తెలిసినాయన కాబట్టి "ఇది కుదరదు సార్" అని ఎవరూ తప్పించుకోలేరు, అలాగే నిజంగా కుదరనిదాన్ని ఆయన నెత్తిన రుద్దరు.

ఆయన వచ్చిన టైముకి నింటెండో గేమ్ మెషీన్ గేమ్‌క్యూబ్, సోనీ ప్లేస్టేషన్ 2 ముందు చాలా వెనకబడి ఉంది. ఇంకొకరైతే ఇంకా పవర్‌ఫుల్ మెషీన్ చేద్దామనేవారు. ఆయన ప్రశ్నే మార్చేశారు. ఇప్పటిదాకా ఆటలు ఆడనివాళ్లు ఎందుకు ఆడట్లేదు? అమ్మమ్మ చేతికి కంట్రోలర్ ఇస్తే ఎందుకు భయపడుతుంది? ఆ ప్రశ్న నుంచి 2004లో చేతిలో పట్టుకునే మెషీన్ డీఎస్, 2006లో టీవీకి పెట్టుకునే మెషీన్ వీ (Wii) వచ్చాయి. డీఎస్ 15 కోట్లకు పైగా, వీ 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఇక్కడ కూడా పాతాయన వాటా ఉంది, డీఎస్‌కి రెండు తెరలు ఉండాలని పట్టుబట్టింది యమౌచీయే. ఇవాతా ఆ మాటని పక్కన పడేయకుండా తీసుకుని, దాని చుట్టూ ఏం చేయొచ్చో టీములకి వదిలారు.

ఇప్పుడు మా స్టూడియో సంగతి. ఇది పేపర్లలో దొరకదు కాబట్టి చెప్తున్నాను. పాత హెడ్ సగం తయారైన ఆట బిల్డ్ తీసుకుని ఇంటికి వెళ్లి ఆడేవారు, మర్నాడు వచ్చి "ఇందులో మళ్లీ ఆడాలనిపించేది ఎక్కడుంది?" అని అడిగేవారు. కొత్తాయన వచ్చాక మీటింగ్‌లో మొదటి ప్రశ్న "ఇలాంటిది టాప్ చార్ట్స్‌లో ఏది ఉంది?" అని మారింది, అంటే యాప్ స్టోర్లో ఎక్కువ ఆడుతున్న ఆటల లిస్టులో. ఈ ఒక్క ప్రశ్న చేసే పని చూడండి. ఉంది అని ఒక పేరు చెప్తే మన ఆట దానికి కాపీ కావడం మొదలవుతుంది, లేదు అంటే రిస్క్ అని ఆగిపోతుంది. మేము అష్టాచెమ్మాని ఆధారంగా తీసుకుని, గవ్వలు వేసి ఎదుటివాడికి అబద్ధం చెప్పే వీలుండే ఒక చిన్న ప్రోటోటైప్, అంటే ఆడి చూసే నమూనా, చేశాం. టీమంతా లంచ్ టైములో అదే ఆడేది. దానికి చూపించడానికి చార్ట్స్‌లో పోలిక లేదు, ఆపేశారు. కొత్తగా ఏమీ చేయొద్దని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన చెడ్డ మనిషీ కాదు, జీతాలు టైముకి వచ్చేవి, రిలీజులు డేట్ ప్రకారం జరిగేవి, ఆటగాళ్లు ట్యుటోరియల్‌లో ఎక్కడ వదిలేసి పోతున్నారో మాకు స్పష్టంగా చూపించింది ఆయన తెచ్చిన రిటెన్షన్ రిపోర్టులే, అంటే ఎంతమంది మళ్లీ వచ్చి ఆడుతున్నారో చెప్పే లెక్కలు. కానీ కొన్నాళ్లకి ఐడియా ఉన్నవాళ్లు మీటింగ్‌లో నోరు విప్పడం మానేశారు. ఆ ఏడాది మా ఆదాయం తగ్గలేదు కూడా. తగ్గకపోవడం వల్లే ఏం పోయిందో ఎవరికీ తెలియలేదు, పాత ఆటలు డబ్బు తెస్తూనే ఉన్నాయి మరి. రెండేళ్ల తర్వాత కొత్త ఆట కావాలని పైనుంచి అడిగినప్పుడు మా దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

నా అభిప్రాయం దీన్నుంచే వచ్చింది. సీఈఓ సృజనని పుట్టించలేడు, అరకొరగా ఉన్న ఐడియాని ఎంతకాలం బతకనివ్వాలో మాత్రం ఆయనే నిర్ణయిస్తాడు. పొలంలో విత్తనం మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూస్తే ఏదీ మొలవదు. అలాగని అసలు చూడకుండా వదిలేస్తే కలుపు పెరుగుతుంది. ఆ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఆయన పని.

మళ్లీ ఇవాతా దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆయన అసలు గొప్పతనం గెలిచినప్పటికంటే ఓడినప్పుడు కనిపించింది. 2011లో డీఎస్ తర్వాతి మెషీన్ 3డీఎస్ జపాన్‌లో 25,000 యెన్‌లకి వచ్చి అమ్ముడుపోలేదు, కొన్ని నెలల్లోనే ధర 15,000కి దించారు. ముందే కొన్నవాళ్లకి 20 పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నారు. వీ తర్వాత వచ్చిన వీ యూ ఇంకా ఘోరం, మొత్తం మీద 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది, 2014లో మళ్లీ కొన్ని నెలలు సగం జీతం. మనుషుల్ని తీసేయొచ్చు కదా అనే ప్రశ్న వచ్చినప్పుడు 2013లో ఆయన ఇచ్చిన జవాబు, ఉద్యోగం పోతుందేమోనని భయపడే మనుషులు ప్రపంచాన్ని మెప్పించే ఆటలు చేయగలరని నేను అనుకోను అని. నేను పనిచేసే చోట ఈ మాట ఎవరైనా అంటే వినాలని చాలాసార్లు అనిపించింది.

అది ఉత్త మంచితనం అనుకోకండి. ఆ చెడ్డ రోజుల్లోనే కుర్రవాళ్ల టీము ఒకటి తోఫూ ముక్కల్లాంటి తెల్ల దిమ్మెలు రంగు చిమ్ముకునే ప్రోటోటైప్‌తో మొదలుపెట్టి స్ప్లాటూన్ చేసింది, అది 2015లో వచ్చింది. 2013లోనే చేతిలో పట్టుకునే మెషీన్ల టీమునీ టీవీ మెషీన్ల టీమునీ ఇవాతా కలిపేశారు. అప్పట్లో అది పత్రికల్లో చిన్న వార్త. 2017 మార్చిలో స్విచ్ వచ్చాక, ఇంట్లో టీవీకి పెట్టుకోవచ్చు, చేతిలో పట్టుకుని బయటికి తీసుకెళ్లొచ్చు అని జనం ఎగబడ్డాక తెలిసింది ఆ కలపడం ఎందుకో. అది చూడటానికి ఆయన లేరు. 2015 జూలై 11న, 55 ఏళ్లకే పోయారు. స్విచ్ వచ్చేటప్పటికి కుర్చీలో ఉన్నది బ్యాంకు నుంచి వచ్చిన తత్సుమీ కిమిషిమా. ఆయన చేసిన గొప్ప పని, నాకు తెలియని విషయంలో వేలు పెట్టను అన్నట్టుగా ఆటల సంగతి కంపెనీలో పాత డిజైనర్ మియమోతోకి, మెషీన్ల సంగతి పాత ఇంజనీర్ తకెదాకి వదిలి దారి మళ్లించకుండా నడపడం. ఇది చిన్న విషయం కాదు, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ తన ముద్ర వేయాలనే ఉంటుంది.

మళ్లీ ఈఏ సంగతికొస్తే, అక్కడ ఆండ్రూ విల్సన్ 2013 సెప్టెంబర్‌లో సీఈఓగా వచ్చారు, ఫిఫా ఆటల వైపు నుంచి. డెడ్ స్పేస్ చేసిన విసరల్ స్టూడియోని 2017 అక్టోబర్‌లో మూసేశారు, వాళ్లు చేస్తున్న స్టార్ వార్స్ ఆట ఆగిపోయింది, మరుసటి నెలే బాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆటలో లూట్ బాక్సుల మీద, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెల మీద పెద్ద గొడవ. కానీ అదే విల్సన్ కింద ఈఏ ఒరిజినల్స్ పేరుతో చిన్న స్టూడియోలకి డబ్బు ఇచ్చారు, 2021లో అలా ఇట్ టేక్స్ టూ అనే ఆట వచ్చి ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ తీసుకుంది. కాబట్టి సీఈఓ ఎక్కణ్ణుంచి వచ్చాడన్నది ఒక్కటే చూసి తేల్చేయకండి.

మీరు గమనిస్తున్న కంపెనీకి కొత్త సీఈఓ వస్తే, ఆయన ఇంటర్వ్యూలు వదిలేయండి, వాటిల్లో అందరూ సృజన మా ప్రాణం అనే అంటారు. మొదటి ఏడాదిలో పాత డైరెక్టర్లు, టీమ్ లీడ్లు ఎంతమంది బయటికి వెళ్లిపోయారో చూడండి. మొదటి ఆట ఫ్లాప్ అయినప్పుడు కోత ఎవరి మీద పడిందో చూడండి, పైవాళ్ల జీతాల మీదా, కింద టీముల మీదా. నాలుగో ఏడాదిలో సీక్వెల్ కాని పేరు ఒక్కటైనా వాళ్ల లిస్టులో ఉందేమో వెతకండి. అప్పటిదాకా వచ్చే ఆటలకి పాతాయన్నే మెచ్చుకోండి, లేదా పాతాయన్నే తిట్టుకోండి.